స్వతంత్ర హిప్‌హాప్ జంటగా నిలదొక్కుకోవడం ఎలా

సమాజాన్ని ప్రశ్నించే ర్యాప్ చేద్దామని ఇద్దరు స్నేహితులు కూర్చున్నప్పుడు మొదట వచ్చే చర్చ జంట పేరు గురించి, తర్వాతది మొదటి పాట గురించి. ఈ రెండింటికంటే ముందు ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకొమ్మని చెబుతాను. కూలి ఎగ్గొట్టే యజమాని మీద పాట కట్టిన ఇద్దరు, ఆ పాట మీద వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలో తేల్చుకోలేక విడిపోవడం ఈ రంగంలో కొత్త సంగతేమీ కాదు. పాటలో అడిగే న్యాయం ముందు ఇద్దరి మధ్య ఉన్న లెక్కలో కనబడాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ లెక్క గురించే ఉంటుంది.

హిప్‌హాప్ జంటలు ప్రధానంగా రెండు రకాలు. అమెరికాలోని మినియాపోలిస్‌కు చెందిన అట్మాస్ఫియర్ అనే జంటలో స్లగ్ మాటలు రాసి ర్యాప్ చేస్తే, యాంట్ బీట్లు (పాట వెనక మోగే సంగీతం) కడతాడు. డెడ్ ప్రెజ్ అనే మరో అమెరికా జంటలో ఇద్దరూ మైకు పట్టుకునేవారే. మొదటి రకం జంటలో జనానికి గుర్తుండేది మైకు ముందున్న ముఖమే కాబట్టి, వెనకుండి బీట్లు కట్టే ప్రొడ్యూసర్‌కు తన వాటా తగ్గుతోందన్న అనుమానం ఏదో ఒక రోజు వస్తుంది. రెండవ రకంలో ఎవరి వర్స్ (చరణం) ఎన్ని బార్లు (నాలుగేసి తాళపు దెబ్బల కొలతలు), హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) ఎవరిది అన్న పేచీ వస్తుంది. మీరు ఏ రకమో తెలిస్తే మీ గొడవ ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే తెలుస్తుంది.

చట్టం దృష్టిలో ఒక్కో పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. మాటలు, సంగీతం కలిసిన రచన ఒకటి. ఆ రచనను పట్టి ఉంచిన రికార్డింగు, అంటే మాస్టర్, రెండవది. ఈ రెండింటికీ డబ్బు వేర్వేరు దారుల్లో వస్తుంది. అందుకే పాట పూర్తయిన రాత్రే స్ప్లిట్ షీట్ రాసుకోవాలి. అందులో పాట పేరు, తేదీ, ఇద్దరి అసలు పేర్లు, రచనలో ఎవరికి ఎంత శాతం, మాస్టర్‌లో ఎవరికి ఎంత శాతం అన్న వివరాలు రాసి, కింద సంతకాలు పెడితే చాలు. ఒక్క పేజీ దాటదు. మాటలకు సగం, సంగీతానికి సగం అన్నది చాలామంది పాటించే పద్ధతి. హుక్ పాడడానికి వచ్చిన మూడో మనిషి అందులో ఒక్క పంక్తి కల్పించినా ఆ మనిషి పేరూ అదే కాగితం మీద ఉండాలి. రాతకోతలు లేకపోతే ఏమవుతుందంటే, ఉదాహరణకు అమెరికా చట్టం ఉమ్మడి రచనలో రచయితలందరికీ సమాన వాటా ఉన్నట్టు భావిస్తుంది. ఎవరు ఎంత కష్టపడ్డారన్నది అక్కడ లెక్కలోకి రాదు.

జంట పేరు కూడా ఆస్తే. ఒకరు తప్పుకుంటే రెండోవారు ఆ పేరుతో కొనసాగవచ్చా, పాత పాటలు వేదిక మీద పాడవచ్చా అన్నది స్నేహం బాగున్నప్పుడే రాసిపెట్టుకోవాలి. తిరుపతి వేంకట కవులలో తిరుపతి శాస్త్రి మరణించిన తర్వాత కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. అంతటి ఔదార్యం అందరికీ పుట్టుకతో రాదు కాబట్టి, మనలాంటివాళ్లకు కాగితమే దిక్కు.

ఇక రాత సంగతి. నిమిషానికి తొంభై బీట్ల (తాళపు దెబ్బల) వేగంలో పదహారు బార్ల వర్స్ అంటే అరవై నాలుగు బీట్లు, అంటే సుమారు నలభై మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో వ్యవస్థనంతా కడిగేయాలని చూస్తే మిగిలేది నినాదమే. "శ్రమ దోపిడీ ఆపాలి" అన్న పంక్తితో ఎవరూ విభేదించరు, ఎవరికీ అది గుర్తూ ఉండదు. అదే మాటను ఇలా రాసి చూడండి: "పన్నెండు గంటల డ్యూటీకి పది గంటలే రాశాడు, మిగతా రెండు గంటలు నా మోకాళ్లలో దాగాయి." ఇక్కడ దోపిడీ అన్న పదమే లేదు, కానీ ఎంత పోయిందో, ఎక్కడ చేరిందో తెలుస్తోంది. ప్రతి వర్స్‌లో ఒక అంకె, ఒక వస్తువు, ఒక శరీర భాగం ఉండేలా చూసుకోవడం మొదట్లో మంచి అభ్యాసం. తెలుగులో రాసేవారికి ఇంకో హెచ్చరిక కూడా అవసరం. మన క్రియాపదాలన్నీ "ఆడు", "ఇంది" వంటి చివర్లతోనే ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస ఉచితంగా దొరుకుతుంది, ఉచితంగా దొరికినట్టే వినబడుతుంది కూడా. ప్రాసను పంక్తి మధ్యకు తెచ్చి, చివర నామవాచకం పడేలా వాక్యాన్ని తిప్పితే బీటు మీద బరువు నిలుస్తుంది.

ఇద్దరూ ర్యాప్ చేసే జంట అయితే ఒకే అభిప్రాయాన్ని రెండు గొంతులతో చెప్పడం అనవసరం. ఒకరు సమ్మెకు దిగిన కార్మికుడి వైపు నుంచి, మరొకరు భయంతో పనికి వెళ్లిన కార్మికుడి వైపు నుంచి రాస్తే పాటలో వాదన పుడుతుంది. నిజమైన మనిషి కష్టాన్ని పాటలోకి తెస్తున్నప్పుడు ఆ మనిషికి ముందుగా వినిపించి అనుమతి తీసుకోవాలి. పేరు, ఊరు, పని చేసే చోటు మార్చాలి. ఆ పాట వల్ల ఉద్యోగం పోయేది వారికే గానీ మనకు కాదు.

రికార్డింగుకు ఖరీదైన స్టూడియో తప్పనిసరి కాదు. బట్టలు నిండిన గదిలో ప్రతిధ్వని తక్కువగా ఉంటుంది; మైకుకు జానెడు దూరంలో నిలబడి, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర) పెట్టుకుంటే "ప", "భ" లాంటి అక్షరాల దెబ్బ తగ్గుతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది మిక్సింగు మీద, అంటే గొంతు, సంగీతం పాళ్లు సరిచూసే పని మీద. మాట అర్థం కాని సామాజిక ర్యాప్‌కు ప్రయోజనం లేదు కదా.

పాత పాటల ముక్కలను శాంపిల్ చేసేటప్పుడు, అంటే కోసి మన పాటలో వాడుకునేటప్పుడు మాత్రం ఆచితూచి నడవాలి. 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, ర్యాపర్ బిజ్ మార్కీ వాడిన ఒక శాంపిల్ విషయంలో ఇచ్చిన తీర్పును "దొంగిలించరాదు" అన్న బైబిలు ఆజ్ఞతోనే మొదలుపెట్టింది. అప్పటి నుంచి శాంపిల్‌కు అనుమతి తీసుకోవడం రికార్డు కంపెనీల్లో నియమంగా మారింది. అనుమతులు కూడా రెండు కావాలి: రచన హక్కుదారు నుంచి ఒకటి, మాస్టర్ హక్కుదారు నుంచి మరొకటి. అంత స్తోమత లేకపోతే ఆ బాణీని అనుకరించకుండా, తెలిసిన వాద్యకారుడితో కొత్తగా వాయించుకొని దాన్నే కోసి వాడుకోవడం మేలు.

విడుదలకు డిస్ట్రిబ్యూటర్ కావాలి, అంటే పాటను స్ట్రీమింగు వేదికలకు చేర్చే కంపెనీ. కొన్ని కంపెనీలు ఏడాదికింత రుసుము తీసుకుంటాయి, కొన్ని ఆదాయంలో వాటా అడుగుతాయి. రుసుము ఆపితే పాటలు తొలగిస్తారా లేదా అన్నది సంతకానికి ముందే చదవండి. ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాంకెల సంకేతం ఉంటుంది. దాన్ని భద్రంగా రాసిపెట్టుకోవాలి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే సంకేతం వాడితేనే పాత స్ట్రీముల లెక్క కొనసాగే వీలుంటుంది. స్ట్రీమింగు ఆదాయం మీద ఆశలు పెట్టుకోవద్దు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీములు దాటకపోతే ఆ పాటకు రికార్డింగు రాయల్టీ జమ కాదు. అభిమానులు నేరుగా కొనే బ్యాండ్‌క్యాంప్ వంటి చోట డిజిటల్ అమ్మకం మీద కోత సాధారణంగా 15 శాతం. కాబట్టి నెలనెలా కొత్త పాట పెట్టడం కంటే, కొనేంత ఇష్టమున్న రెండు వందల మందిని కూడగట్టుకొని, వారి ఈమెయిలు చిరునామాలు మీ దగ్గరే ఉంచుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం.

స్వతంత్రం అంటే ఎవరి సాయమూ తీసుకోకపోవడం కాదు. అమెరికా జంట మ్యాకిల్‌మోర్, ర్యాన్ లూయిస్ 2012లో తమ ఆల్బమ్‌ను ఏ లేబుల్‌కూ (రికార్డు కంపెనీకీ) కట్టుబడకుండా విడుదల చేశారు, అయినా పెద్ద కంపెనీకి చెందిన పంపిణీ విభాగం సేవలను వాడుకున్నారు. సియాటిల్ జంట బ్లూ స్కాలర్స్ 2011లో తమ ఆల్బమ్‌కు కావలసిన సొమ్మును అభిమానుల నుంచే సమీకరించారు. రన్ ద జ్యూయెల్స్ అనే జంట 2013లో తొలి ఆల్బమ్‌ను ఉచితంగా దింపుకోనిచ్చారు. దారులు మూడు, హక్కులు వదులుకోకపోవడమే వీటిలో గమనించవలసింది. ఎవరైనా ఒప్పందం తెస్తే మాస్టర్‌ను అమ్మకుండా కొన్నేళ్లకు లైసెన్సుగా ఇవ్వండి, గడువు తీరాక హక్కులు తిరిగి వస్తాయన్న మాట కాగితంలో ఉందో లేదో చూసుకోండి, "శాశ్వతంగా" అన్న పదం కనబడితే న్యాయవాది దగ్గరికి వెళ్లండి.

వేదిక మీద జంటకు ఒంటరి కళాకారుడికి లేని సౌలభ్యం ఒకటుంది: ఒకరు ఊపిరి పీల్చుకునేటప్పుడు పంక్తి చివరి మాటను రెండోవారు అందుకోవచ్చు. పూర్తి పాట వెనక మోగుతుంటే పైన అరవడం ప్రేక్షకులను మోసం చేయడమే. హుక్, చిన్న చిన్న కేకలు మాత్రమే ఉన్న ట్రాక్ తయారు చేసుకోవాలి. మైకు తలను పిడికిలితో కప్పి పట్టుకోవడం వీడియోల్లో బాగుంటుంది గానీ, అలా పట్టుకుంటే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కొని కీచుమంటుంది, మాట ముద్దగా మారుతుంది. పిడిని పట్టుకోండి.

డబ్బుకు ఇద్దరి పేర ఉమ్మడి ఖాతా ఉండాలి. వచ్చిన దానిలోంచి ముందు ఖర్చులు, తర్వాత తదుపరి రికార్డింగుకు కొంత, ఆ మిగిలినదే పంపకం. ఏదైనా ఉద్యమం కోసం నిధుల ప్రదర్శన ఇస్తే, ఖర్చులు పోను ఇస్తున్నారా, మొత్తం ఇస్తున్నారా అన్నది పోస్టర్ మీదే చెప్పి, వారంలోగా లెక్క బయటపెట్టాలి. ఏ కంపెనీల ప్రకటన డబ్బు తీసుకోరో ఆ జాబితా కూడా, ఆ డబ్బు అవసరం పడని రోజుల్లోనే రాసుకోవాలి. అద్దె కట్టాల్సిన నెలలో కూర్చుంటే జాబితా చిన్నదైపోతుంది.

చివరిగా, పాటల విడివిడి ట్రాకులు, ప్రాజెక్టు ఫైళ్లు, స్ప్లిట్ షీట్లు, ఖాతాల పాస్‌వర్డులు రెండు హార్డ్ డ్రైవుల్లో ఉంచి, ఒకటి ఒకరింట్లో, రెండోది మరొకరింట్లో పెట్టుకోండి. ఆరు నెలలకొకసారి రెండూ తెరిచి, పనిచేస్తున్నాయో లేదో కలిసి చూసుకోండి.