ఇంటి కాంట్రాక్టరు ఎంపిక: ధరను ఎలా చదవాలి, పనితనాన్ని ఎలా పరీక్షించాలి

ఒకే ప్లానును ముగ్గురు కాంట్రాక్టర్లకు చూపితే మూడు ధరలు వస్తాయి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా తక్కువ చెప్పినవారికి పని అప్పగించడం ఎంత పొరపాటో, ఎక్కువ అడుగుతున్నారు కనుక పని బాగుంటుందని నమ్మడం కూడా అంతే పొరపాటు. ఇంటి నిర్మాణంలో ముఖ్యమైన భాగమంతా పూర్తయ్యాక కంటికి కనబడని చోటనే ఉంటుంది. కాంక్రీటు లోపలి ఇనుము, టైల్స్ కింది వాటర్‌ప్రూఫింగు, గోడల్లోని పైపులు, వైర్లు ఒకసారి మూసుకుపోయాక వాటి నాణ్యతను నిర్ధారించుకోవడం చాలా కష్టం. ధరలో కోత పెట్టాలనుకునేవారికి అనువైనవి కూడా అవే. అందుచేత కనబడని పనిని ముందుగానే కాగితం మీదికి తెచ్చి, ఆ తరువాతనే ధరలను పోల్చాలి.

దీనికి మొదటి మెట్టు, ఎవరినీ ధర అడగకముందే పని వివరాలను రాయించుకోవడం. ఇంజనీరు సాయంతో కాంక్రీటు గ్రేడు, ఇనుము గ్రేడు, కడ్డీల మందం, వాటి మధ్య దూరం, గోడల మందం, ప్లాస్టరింగు మందం, వైర్లు, పైపుల రకాలు, టైల్స్‌కు చదరపు అడుగుకు అనుకున్న ధర, రంగు ఎన్ని పూతలు వేయాలి అనేవన్నీ ఒక పత్రంగా తయారు చేయించి, అదే పత్రాన్ని అందరికీ ఇవ్వాలి. ఇది లేకుండా వచ్చిన మూడు ధరలు నిజానికి మూడు వేర్వేరు ఇళ్ల ధరలు.

చదరపు అడుగు లెక్కన ధర చెప్పేవారి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. బాల్కనీ, మెట్ల గది, పోర్టికో విస్తీర్ణంలోకి వస్తాయా, వస్తే పూర్తిగానా సగానికా అన్నది ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా లెక్కిస్తారు. ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, పునాది లోతు పెరిగితే అయ్యే అదనపు ఖర్చు, కరెంటు, నీటి కనెక్షన్ల రుసుములు ధరలో ఉన్నాయో లేదో విడివిడిగా రాసివ్వమనాలి. మొదట తక్కువగా కనిపించిన ధర ఈ జాబితా పూర్తయ్యేసరికి అన్నిటికన్నా ఎక్కువగా తేలడం అరుదేమీ కాదు.

మిగిలినవారికన్నా బాగా తక్కువ చెప్పిన కాంట్రాక్టరును వెంటనే అనుమానించనక్కరలేదు. సొంత సెంట్రింగు సామాను (కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే పలకలు, ఊతలు) ఉన్నవారు, దగ్గరలోనే మరో పని నడుపుతున్నవారు, మధ్యవర్తులు లేకుండా తామే మేస్త్రీలను పెట్టుకున్నవారు నిజాయితీగానే తక్కువకు చేయగలరు. తేల్చుకోవడానికి మార్గం ఏమిటంటే, ఈ ఇంటికి ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని టన్నుల ఇనుము లెక్కవేసుకున్నారని అడగడం. లెక్క కట్టి ధర చెప్పినవారు సమాధానం ఇవ్వగలరు, అందాజుగా చెప్పినవారు తడబడతారు. ఇనుము లెక్కను మీరే సరిచూసుకోవచ్చు. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానిని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ ఈ లెక్కన మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగాలి.

ధరల పరిశీలన అయ్యాక పనితనాన్ని కళ్లారా చూడాలి. ఫోటోలను బట్టి నిర్ణయించవద్దు. వాటిలో కనిపించేది రంగు, లైట్లు మాత్రమే. కాంట్రాక్టరు ప్రస్తుతం చేస్తున్న పని దగ్గరికి, వీలైతే స్లాబు వేయబోయే ముందు రోజు వెళ్లండి. ఇనుము కింద సరైన మందం గల కవర్ బ్లాకులు (కడ్డీలను పలకలకు ఎత్తుగా నిలిపే చిన్న దిమ్మలు) పెట్టారా, లేక దొరికిన రాయి ముక్కలు ఇరికించారా, లేక కడ్డీలు నేరుగా సెంట్రింగు పలకల మీదనే పడుకుని ఉన్నాయా గమనించండి. సాధారణ పరిస్థితుల్లో స్లాబుకు సుమారు 20, దూలాలకు 25, పిల్లర్లకు 40, పునాదులకు 50 మిల్లీమీటర్ల కవర్, అంటే ఇనుమును కప్పి ఉంచే కాంక్రీటు పొర, ఉంచడం పరిపాటి. అది తగ్గితే తేమ ఇనుమును చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఆ నష్టం బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి కనుక అడగడానికి కాంట్రాక్టరు ఉండడు.

కాంక్రీటు కలిపేటప్పుడు నీళ్లు ఎవరు, ఎలా పోస్తున్నారో చూడండి. సిమెంటు బరువులో సగం నీరు అనుకుంటే 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో కలిపి 25 లీటర్లే రావాలి. జారుడుగా ఉంటే పోయడం సులువని పైపుతో ఇష్టమొచ్చినట్లు నీళ్లు వదిలే చోట ఎంత మంచి సిమెంటు వాడినా కాంక్రీటు బలం పడిపోతుంది. సెంట్రింగు విప్పిన పిల్లర్ల అడుగున కంకర బయటికి కనబడుతూ గుల్లగా ఉంటే, కాంక్రీటును కుదిపి ఖాళీలు లేకుండా సర్దే వైబ్రేటరును సరిగా వాడలేదని చాలావరకు అర్థం. అలాంటి చోట పైపైన సిమెంటు పూసి మూసేశారా అన్నది కూడా చూడాలి.

నా అభిప్రాయంలో కాంట్రాక్టరు స్వభావాన్ని అన్నిటికన్నా బాగా పట్టిచ్చేది క్యూరింగు, అంటే వేసిన కాంక్రీటును తడిపి ఉంచడం. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, పోజోలానా వంటి మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. దీనికి పెద్ద ఖర్చు ఉండదు, కాని రోజూ శ్రద్ధ పెట్టే మనిషి కావాలి. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపి, పిల్లర్లకు తడి గోనెపట్టాలు చుట్టి ఉంచిన సైటు కనిపిస్తే, యజమాని చూడనప్పుడు కూడా అక్కడ పని సరిగా జరుగుతోందని చాలావరకు నమ్మవచ్చు.

అదే కాంట్రాక్టరు కట్టి కనీసం రెండు వానాకాలాలు దాటిన ఇంటిని కూడా చూడండి. బాత్రూము గోడల వెలుపలి వైపు, పై స్లాబు అడుగు భాగం, కిటికీల కింది మూలలు, పిల్లరూ గోడా కలిసే గీత చూస్తే చెమ్మ, పగుళ్లు దాగవు. ఆ ఇంటివారిని పని బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. దానికి బదులు, ఒప్పుకున్న మొత్తానికీ చివరికి చెల్లించిన మొత్తానికీ ఎంత తేడా వచ్చింది, పని మధ్యలో ఎన్నాళ్లు ఆగింది, లీకేజీ చెప్పినప్పుడు ఎన్ని రోజులకు వచ్చి బాగుచేశారు అని అడగండి.

ఇద్దరి పనితనం సమానమని తేలితే తక్కువ ధరవారిని నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. మంచి కాంట్రాక్టరు ధర మీ శక్తికి మించితే, ఆయననే ఉంచుకుని పని పరిమాణాన్ని తగ్గించుకోవడం మేలు. ఖరీదైన టైల్స్, ఫాల్స్ సీలింగు, అల్మరాలు తరువాతైనా చేయించుకోవచ్చు. పునాదిని, పిల్లర్లను, వాటర్‌ప్రూఫింగును ఆ తరువాత మార్చుకోవడం దాదాపు అసాధ్యం.

ఒప్పందంలో చెల్లింపులను తేదీలతో కాక పూర్తయిన దశలతో ముడిపెట్టండి. అడ్వాన్సు తక్కువగా ఉంచి, మీరిచ్చిన డబ్బు ఏ దశలోనూ జరిగిన పని విలువను మించకుండా చూసుకోండి. మార్పులు చేర్పులు ఏవైనా, పని మొదలుపెట్టకముందే వాటి ధరను రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి. సైటులో రోజూ ఉండే బాధ్యుడెవరో పేరుతో సహా రాయించండి, ఎందుకంటే ఎంత సమర్థుడైన కాంట్రాక్టరైనా ఒకేసారి అనేక పనులు నడుపుతుంటే మీ సైటును చూసేది ఆయన కాదు. ప్రతి స్లాబుకు ముందు కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరు ఇనుమును తనిఖీ చేసి అనుమతించాకే కాంక్రీటు పోయాలన్న షరతు తప్పక పెట్టండి. బాత్రూముల్లో టైల్స్ వేయకముందు గొట్టాలు మూసి, కనీసం 24 గంటలు నీళ్లు నిలిపి, కింది కప్పు తడవలేదని చూసిన తరువాతనే ఆ దశ డబ్బు ఇవ్వండి. మొత్తంలో సుమారు 5 శాతాన్ని అట్టిపెట్టుకుని, ఇల్లు అప్పగించాక ఒక వానాకాలం గడిచి, బయటపడిన లోపాలను సరిచేసిన తరువాత చెల్లించేలా మొదటి రోజే రాసుకోండి.