డైనింగ్ టేబుల్‌కు గదిని బట్టి రంగుల అంచులు వేయడం ఎలా?

గోడల రంగు మారుతుంది, కర్టెన్లు మారతాయి. డైనింగ్ టేబుల్ మాత్రం కొన్ననాటి పాలిష్‌తోనే ఉండిపోతుంది. గదిలో అన్నీ ఒక దారి, అదొక్కటీ ఇంకో దారి అన్నట్టు కనిపిస్తే టేబుల్ మొత్తానికి రంగు పూయనక్కర్లేదు. కాళ్ళకో, పలక కింది పట్టీకో, కుర్చీల వీపుకో, పలక అంచున సన్నని గీతగానో కాస్త రంగు పడితే చాలు. పని మూడు నాలుగు రోజులు పడుతుంది. అందులో కుంచె పట్టేది నాలుగైదు గంటలే. మిగతాదంతా తుడవడం, రుద్దడం, ఆరేదాకా ఆగడం.

రంగు ఎక్కడ వేయకూడదు?

పలక మధ్యలో వద్దు. మన భోజనాల సంగతి తెలిసిందే. పసుపు, చింతపండు పులుపు, ఎర్రగా తేలిన నూనె, పొయ్యి మీంచి దించి నేరుగా తెచ్చిపెట్టే చేపల పులుసు దాక... వీటన్నిటినీ తట్టుకుని నిలిచే లేత రంగు ఇంట్లో పూసుకునే పెయింట్లలో దొరకదు. వేడికి ఎనామిల్ మెత్తబడి గిన్నె అడుగుకు అంటుకుంటుంది, గుండ్రంగా మచ్చ పడుతుంది. తెలుపు, క్రీమ్ రంగుల్లోకి పసుపు ఇంకితే సబ్బుతో పోదు.

అందుకే రంగుకు సరైన చోటు గిన్నె, చెయ్యి ఎక్కువగా తగలని భాగం. కాళ్ళు, కింది పట్టీ, కుర్చీ వీపు వెనుక వైపు అలాంటివి. పలక మీద వేయాలనుకుంటే అంచు నుంచి రెండంగుళాలు లోపలికి ఒక సన్నని గీత, లేదా దూరం దూరంగా చిన్న బుటాలు. అవి కూడా ముదురు రంగులోనే.

రంగు ఎంపిక

గోడ రంగునే తెచ్చి టేబుల్ కాళ్ళకు పూయడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే కాళ్ళు గోడలో కలిసిపోయి పలక గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. గదిలో తక్కువ మోతాదులో ఉన్న రంగును పట్టుకోండి. కర్టెన్ అంచు, కుర్చీ మెత్త మీది పువ్వు, నేల రాయిలోని చుక్క, ఏదైనా సరే.

ఒంగోలు, నెల్లూరు వైపు చాలా ఇళ్ళలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉంటుంది. కనీసం వంటగట్టుకైనా. నల్ల రాయిలో మెరిసే ఆ చుక్కలను బంగారు రంగు అంటాం గానీ, దగ్గరగా చూస్తే అది కంచు. నల్ల నేల మీద టేబుల్ కాళ్ళకు నలుపు పూస్తే అవి కనిపించవు. కాళ్ళను టేకు రంగులోనే వదిలేసి, కింది పట్టీ మీద అర అంగుళం కంచు రంగు గీత గీస్తే రాయికీ చెక్కకూ చుట్టరికం కుదురుతుంది. పచ్చగా మెరిసే గోల్డ్ పెయింట్ మాత్రం వద్దు, పెళ్ళి మండపంలా తేలిపోతుంది.

లేత రంగు గోడలున్న గదికి ముదురు ఆకుపచ్చ, నెమలికంఠం నీలం, ఇటుక ఎరుపు బాగా కుదురుతాయి. ఒక గదికి ఒక్క రంగే. రెండోది కావాలంటే అది గీత వరకే ఉండాలి.

కొనే ముందు నమూనా చూడాలి. షేడ్ కార్డు మీది చిన్న గడిని నమ్మొద్దు. చిన్న డబ్బా తెచ్చి ఒక అట్టముక్కకు రెండు కోట్లు వేసి, ఆరాక టేబుల్ కాలికి ఆనించి పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి భోజనాల వేళ లైటు వెలుగులో ఒకసారి చూడండి. తెల్లటి ఎల్ఈడీ వెలుగులో ఎరుపు, మెరూన్ చప్పబడతాయి. టేబుల్ దగ్గర అందరూ కూర్చునేది రాత్రిపూటే కాబట్టి రాత్రి చూసిన రంగుకే ఓటు.

ఎంత రంగు కావాలి?

5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న ఆరుగురి టేబుల్‌ను లెక్కకు తీసుకుందాం. 3 అంగుళాల చదరపు కాళ్ళు నాలుగు, 4 అంగుళాల కింది పట్టీ చుట్టూతా కలిపితే సుమారు 14 చదరపు అడుగులు. రెండు కోట్లకు 28. లీటరు ఎనామిల్ ఒక కోటుగా సుమారు 100 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి అర లీటరు డబ్బా తెచ్చుకుంటే తర్వాత మరమ్మతులకూ మిగులుతుంది. గీతకు, బుటాలకు 50 మిల్లీలీటర్లు కూడా ఖర్చు కాదు. మిషన్‌లో కలిపించే రంగయితే చిన్న డబ్బాలో ఇస్తారో లేదో ముందే అడగండి.

నీళ్ళతో కలిపే ఎనామిల్ తీసుకోండి. ఆయిల్ ఎనామిల్ మెరుపు బాగుంటుంది గానీ వాసన రోజుల తరబడి పోదు, తెలుపు పూస్తే కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. ఇవి కాక ఒక వుడ్ ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు పూసే పూత) డబ్బా, కొంచెం లప్పం, 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితం, మంచి మాస్కింగ్ టేపు, అంగుళంన్నర కుంచె, అరంగుళం కుంచె, టర్పెంటైన్, పాత నూలు గుడ్డలు ఉంటే సరిపోతుంది.

తుడవడం, రుద్దడం

పెయింట్ ఊడిపోయిందంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. టేబుల్ పట్టీకి, కుర్చీ వీపుకు ఏళ్ళ తరబడి చేతి జిడ్డు, తాలింపు పొగ పట్టి ఉంటాయి. ముందు గిన్నెల సబ్బు నీళ్ళతో తుడిచి, తడి ఆరాక టర్పెంటైన్ గుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఆ తర్వాతే ఉప్పుకాగితం. వరుస తిరగబడితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. మెరుపు కోసం కొట్టే ఫర్నిచర్ స్ప్రేలు వాడిన టేబుల్ అయితే మరీ జాగ్రత్త. వాటిలో సిలికోన్ ఉంటే రంగు పూయగానే చేపకళ్ళలా గుంటలు పడతాయి. అలా పడితే పైన ఇంకో కోటు వేసినా దాగవు. ఆ చోటు రుద్దేసి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

పాలిష్ బాగా ఉన్న టేకు, రబ్బర్ వుడ్‌కు 220తో రుద్దితే చాలు, మెరుపు పోయి పొడిబారినట్టు కనిపించాలి. పాలిష్ పొరలు లేచి ఉంటే 120తో మొదలుపెట్టండి. చెక్క నారవెంట మాత్రమే రుద్దాలి. పగుళ్ళకు, మేకు రంధ్రాలకు లప్పం నింపి, ఆరాక మళ్ళీ 220 పట్టండి. ఇనుప మేకు తల కనిపిస్తుంటే దానికి ముందుగా మెటల్ ప్రైమర్ చుక్క పెట్టాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మానేస్తే ఏడాదిలోపే రంగు మీద తుప్పు మరక తేలుతుంది.

సన్‌మైకా అయితే మామూలు వుడ్ ప్రైమర్ పట్టదు. లామినేట్‌కు పట్టే ప్రైమర్ అని అడిగి తీసుకోండి. కనపడని మూల కాస్త పూసి, ఒక రోజు ఆరనిచ్చి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టి, టేపు అంటించి లాగండి. పొర టేపుతో వచ్చేస్తే ఆ ప్రైమర్ మీద పని సాగించడం వృథా.

పూయడం

ఒక పల్చటి కోటు ప్రైమర్, ఆరాక 320తో మెల్లగా ఒక చుట్టు, తడిగుడ్డతో దుమ్ము తీసి మొదటి కోటు రంగు. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో దానికి రెట్టింపు ఆగాలి. మే నెలలో ఇబ్బంది వేరు. వడగాలికి రంగు కుంచె మీదే ఆరిపోయి చారలు పడతాయి, అందుకని పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. ఫ్యాన్ వేయొద్దు. దుమ్మంతా తడి రంగు మీదికే చేరుతుంది.

కాళ్ళకు పైనుంచి కిందికి పూయండి, కింది అంచుల దగ్గర చుక్కలు జారుతున్నాయేమో ఐదు నిమిషాలకోసారి చూడండి. కాలి అడుగు భాగాన్ని మరవొద్దు. నేల తుడిచే తడి ముందు పీల్చుకునేది అదే, రంగు పెచ్చులు లేవడం అక్కడే మొదలవుతుంది. టేబుల్‌ను పక్కకు పడుకోబెట్టి అడుగుకు కూడా రెండు కోట్లు వేసి, ఆరాక ప్లాస్టిక్ బుష్షులు కొట్టండి.

నిటారు గీత

పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గీతకు రెండు వైపులా టేపు అంటించి, అంచులను చెంచా వీపుతో గట్టిగా రుద్దండి. ఆ తర్వాత గీత రంగు కాకుండా ముందు కింది రంగునే టేపు అంచు వెంట పల్చగా పూయాలి. పాలిష్ మీదైతే నీళ్ళతో కలిపే క్లియర్ (రంగులేని పారదర్శక పూత) వాడండి. టేపు కింద ఏవైనా సందులుంటే అది దూరి మూసేస్తుంది, మీద వేసే రంగు పాకడానికి దారి ఉండదు. గీత రంగు ఇంకా కొంచెం తడిగా ఉండగానే టేపును ఏటవాలుగా వెనక్కి లాగాలి. పూర్తిగా ఎండాక లాగితే గీత అంచు పొరలా చిరిగి వస్తుంది.

బుటాలు వేయాలంటే

వెంకటగిరి చీరను చూడండి, బుటాల మధ్య ఎంత ఖాళీ వదులుతారో. అందం ఆ ఖాళీలోనే ఉంది. టేబుల్‌కూ అదే పద్ధతి. 60 × 36 అంగుళాల పలకకు రెండంగుళాలు లోపలికి వస్తే 56 × 32 చట్రం మిగులుతుంది. మూలల్లో ఒక్కొక్కటి పెట్టి, ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున వేస్తే పొడవు వైపు ఏడు ఖాళీలు, వెడల్పు వైపు నాలుగు సరిగ్గా పడతాయి. మొత్తం 22 బుటాలు. మీ టేబుల్ కొలత వేరైతే మూలలు ముందు ఖాయం చేసి, మిగిలిన దూరాన్ని సమానంగా పంచండి.

మామిడి పిందెనో, చిన్న ఆకునో మందపాటి ప్లాస్టిక్ ఫైలు కవరు మీద గీసి కత్తితో కోస్తే అచ్చు సిద్ధం. అంగుళంన్నర మించి పెద్దది వద్దు. అక్రిలిక్ రంగును పొట్టి కుంచెతో తీసుకుని, ముందు పేపరు మీద అద్ది దాదాపు పొడిగా చేసి, అచ్చు మీద నిలువుగా కొట్టాలి. రాయకూడదు. బుటా అంచు పాకిందంటే కుంచెలో రంగు ఎక్కువైందన్నమాట. నాలుగైదు బుటాలకోసారి అచ్చు అడుగు తుడవండి.

పలక మీది పనికి క్లియర్ కోటు తప్పదు. అది బుటాల వరకే వేస్తే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెలుగులో తెలిసిపోతుంది. పలక మొత్తాన్ని బుటాలకు ముందే 320తో రుద్ది ఉంచుకుని, చివర నీళ్ళతో కలిపే పీయూ (పాలీయురేథేన్) క్లియర్ రెండు మూడు పల్చటి కోట్లు వేయండి. ఆయిల్ ఎనామిల్ మీద ఘాటు థిన్నర్‌తో కలిపే పీయూ కొడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే పీయూ పాలిష్ కావాలంటే పాలిష్ పనివాళ్ళకే అప్పగించండి. దాని పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆరాక

చేతికి అంటకపోయినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. రెండు మూడు వారాల దాకా వేడి గిన్నెలు, తడి గుడ్డలు దూరంగా ఉంచండి. పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచే అలవాటు మనకు ఎక్కువ. ఆ మెత్తని ప్లాస్టిక్‌లో ఉండే పదార్థం రంగులోకి దిగి దాన్ని జిగురు చేస్తుంది, షీటు తీస్తే రంగు దానితోపాటే వస్తుంది. పరచాలంటే గుడ్డ పరచండి. అద్దం వేసేట్టయితే కింద పారదర్శక రబ్బరు బుష్షులు పెట్టి కాస్త గాలి ఆడనివ్వండి.

ఉప్పు నీళ్ళ బోరున్న ఇళ్ళలో ముదురు రంగు కాళ్ళ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. తుడిచాక పొడిగుడ్డ పట్టాలి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు టేబుల్ మీద పెట్టుకునేవాళ్ళు జత కలుస్తుందని వాటికి కూడా రంగు పూస్తుంటారు. తిండి తగిలే వస్తువు కాబట్టి వద్దు. ముదురు పట్టీ పక్కన ఆ చెక్క రంగే బాగుంటుంది.

మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో మూతి దాకా నింపి, షేడ్ నంబరు, తేదీ రాసి దాచండి. కుర్చీ తగిలి కాలు మీద పెచ్చు లేస్తే ఆ చోటు అంచులు 320తో రుద్ది, ప్రైమర్ చుక్క పెట్టి, ఆరాక సన్న కుంచెతో ఈ రంగు అద్దితే పది నిమిషాల పని.