పాలిమర్ నుంచి పోరస్ కార్బన్: తేడా ఎక్కడ కొడుతోంది?

పాలిమర్‌ను కాల్చి చేసిన సన్నటి రంధ్రాల కార్బన్ పౌడర్‌ను ఎలక్ట్రోడ్‌గా వాడిన సూపర్ కెపాసిటర్ (వేగంగా చార్జ్‌ను నిల్వచేసే పరికరం) అనుకున్నట్టు పనిచేయకపోతే చాలామంది ముందు ఎలక్ట్రోడ్ మీద పడతారు, బైండర్ (పౌడర్‌ను అతికించే జిగురు) మారుస్తారు, ఎలక్ట్రోలైట్ (అయాన్లుండే ద్రావణం) మారుస్తారు. నేను చూసినంతలో లోపం ఎక్కువసార్లు అంతకుముందే, ఫర్నేస్‌లోనో కడగడంలోనో జరిగిపోయి ఉంటుంది, కాబట్టి పౌడర్ దగ్గర్నుంచే వెతుకుదాం.

ఫర్నేస్ తెరిస్తే పౌడర్ బదులు మెరిసే నల్లటి ముద్ద

కార్బన్‌గా మారేలోపే పాలిమర్ మెత్తబడి అతుక్కుపోయింది. పాలీఆక్రిలోనైట్రైల్ అయితే స్టెబిలైజేషన్ (గాలిలో మెల్లగా వేడిచేసి, తర్వాత కరగకుండా చేసే దశ) చాలలేదన్నమాట. గాలిలో 200–300 డిగ్రీల మధ్యకు నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున మెల్లగా తీసుకెళ్లండి. ఈ దశలో పదార్థం తనంతట తానే వేడిని వదులుతుంది, మందంగా పోస్తే మీటర్ చూపే దానికన్నా లోపల ఎక్కువ కాగిపోతుంది, అందుకే పల్చగా పరవాలి. తెల్లటి పౌడర్ పసుపు, గోధుమ రంగుల మీదుగా నల్లబడుతుంది. ఒక గడ్డను విరిచి చూడండి: పైన నల్లగా, లోపల ఇంకా గోధుమ రంగులో ఉంటే ఆక్సిజన్ మధ్యదాకా చేరలేదు, ఇంకాసేపు ఉంచాల్సిందే.

పాలీఎథిలీన్, పాలీస్టైరిన్‌లను క్రాస్‌లింక్ చేయకుండా (గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేయకుండా) కాల్చారా? అయితే దాదాపు ఏమీ మిగలదు.

దిగుబడి మరీ తక్కువ, పైన బూడిద పొర

గాలి లోపలికి వస్తోంది. సీళ్లు చూడండి, వేడి మొదలుపెట్టే ముందే నైట్రోజన్‌తో ఫర్నేస్ ట్యూబును బాగా ఊదండి, పూర్తిగా చల్లారేదాకా గ్యాస్ ఆపొద్దు.

యాక్టివేషన్ చేసినా ఉపరితల వైశాల్యం పెరగలేదు

యాక్టివేషన్ అంటే కార్బన్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో కలిపి వేడిచేసి సన్నటి రంధ్రాలు పుట్టించడం. ముందు ఆ క్షారం సరిగ్గా కలిసిందో లేదో చూడండి. పొడిగా కలిపితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. నీళ్లలో కరిగించి కార్బన్‌ను నానబెట్టి ఆరబెడితే సమంగా పడుతుంది. సాధారణంగా కార్బన్ బరువుకు 2 నుంచి 4 రెట్లు క్షారం, 700–800 డిగ్రీలు. అంతకు మించి పోతే రంధ్రాలు వెడల్పయి గోడలు కాలిపోతాయి. అల్యూమినా పాత్రను ఈ క్షారం తినేస్తుంది, నికెల్ పాత్ర వాడండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ చర్యలో పొటాషియం లోహం పుడుతుంది, దాని ఆవిరి ట్యూబు చల్లటి చివర పేరుకోవచ్చు, అది నీటి చుక్క తగిలినా మండుతుంది. చల్లారిందని చెప్పి నేరుగా నీళ్లు పోయకండి, దయచేసి.

వైశాల్యం బాగుంది, కానీ వేగంగా చార్జ్ చేస్తే కెపాసిటెన్స్ (చార్జ్ నిల్వచేసే సామర్థ్యం) పడిపోతోంది

మొదటి అనుమానం కడగడం మీదే. యాక్టివేషన్‌లో పుట్టిన కార్బొనేట్ లవణాలు రంధ్రాల్లో ఉండిపోతాయి. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత వేడినీళ్లతో కడగండి. కిందికి దిగిన నీటి పీహెచ్ 7 చూపించగానే ఆపేయకండి, పౌడర్‌ను ఒక రాత్రి శుభ్రమైన నీటిలో కలియబెడుతూ ఉంచి, పొద్దున మళ్లీ పీహెచ్ పేపర్ ముంచి చూడండి, చాలాసార్లు రంగు మారుతుంది.

అది కూడా సరిగ్గానే ఉంటే, రంధ్రాలన్నీ 2 నానోమీటర్లలోపే ఉండి అయాన్లకు దారి ఇరుకై ఉండొచ్చు. పాలిమర్ దశలోనే ప్లూరోనిక్ ఎఫ్127 లాంటి టెంప్లేట్ (కాల్చినప్పుడు తాను పోయి, తన చోట రంధ్రం మిగిల్చే పదార్థం) కలిపితే కాస్త పెద్ద దారులు వస్తాయి, అయితే ఆ పాలిమర్ రెజిన్ బాగా గట్టిపడకముందే కాలిస్తే అవి కూలిపోతాయి.

ఇంకొకరి అంకెతో పోల్చుకునే ముందు లెక్క కూడా చూసుకోండి: రెండు ఒకే రకం ఎలక్ట్రోడ్లున్న సెల్‌లో మొత్తం బరువు మీద వచ్చే కెపాసిటెన్స్, ఒక్క ఎలక్ట్రోడ్ బరువు మీద వచ్చే దానిలో నాలుగో వంతే ఉంటుంది.