మిద్రాష్ చదవడం ఎలా? కయీను చెప్పని మాటతో మొదలుపెట్టండి

ఆదికాండము 4వ అధ్యాయం 8వ వచనం తెలుగు బైబిలులో "కయీను తన తమ్ముడైన హేబెలుతో మాటలాడెను" అని మొదలవుతుంది. ఆ వెంటనే పొలం, హత్య. తెలుగులో చదువుకుంటూ పోతే ఎక్కడా కాలికి రాయి తగలదు. అన్న తమ్ముడితో ఏదో మాట్లాడాడు, అంతే కదా అనిపిస్తుంది. హీబ్రూ మూలంలో మాత్రం అక్కడున్న క్రియ "వయోమెర్", అంటే "అన్నాడు". అన్నాడంటే ఆ తర్వాత ఏమన్నాడో రావాలి. రాదు. వాక్యం నోరు తెరిచి అలాగే ఉండిపోతుంది.

మిద్రాష్‌కు ఇలాంటి చోట్లంటే ప్రీతి. ప్రాచీన యూదు గురువులైన రబ్బీలు తమ లేఖనానికి చెప్పిన వ్యాఖ్యానానికి ఆ పేరు. వెదకడం, విచారించడం అనే అర్థమున్న "దరష్" ధాతువు నుంచి వచ్చింది. దీన్ని కట్టుకథలని కొట్టిపారేసేవాళ్లున్నారు, దైవరహస్యమని కళ్లు మూసుకుని మొక్కేవాళ్లున్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. 1832లో జర్మన్ యూదు పండితుడు లియోపోల్డ్ జుంజ్ బెర్లిన్‌లో దీనికి చారిత్రక అధ్యయనపు పునాది వేసినప్పటి నుంచి పండితులు దీన్ని చదివే పద్ధతిని మెరుగుపరుస్తూనే ఉన్నారు. ఆ పద్ధతిని ఒక చిన్న భాగం మీద మీరే ప్రయోగించి చూడవచ్చు.

కావలసినవి తక్కువే: ఒక తెలుగు బైబిలు, పదపదానికీ అర్థం చూపే హీబ్రూ బైబిలు, ఆదికాండానికి రబ్బీల వ్యాఖ్యాన సంకలనమైన "బెరేషిత్ రబ్బా". ఈ చివరిది సెఫారియా వెబ్‌సైటులో హీబ్రూలోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతుంది. హీబ్రూ రాకపోయినా ఓపిక ఉంటే చాలు.

1. ముందు వచనంలో ముడి ఎక్కడుందో చూడండి

వ్యాఖ్యానం తెరవకముందే ఈ పని చేయాలి. తప్పిపోయిన మాట, అక్కరలేని చోట తిరిగి వచ్చిన మాట, ఏకవచనం ఉండాల్సిన చోట బహువచనం, వింత వర్ణక్రమం, ఇలాంటివి గుర్తు పెట్టుకోండి. లేఖనంలో ఒక్క అక్షరం కూడా ఊరికే పడి ఉండదని రబ్బీల నమ్మకం. మిద్రాష్ వివరించేది ప్రధానంగా కథను కాదు, వచనాన్ని అని అమెరికా పండితుడు జేమ్స్ కూగెల్ 1983లో రాసిన వ్యాసంలో గట్టిగా చెప్పారు. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం తికమక తగ్గుతుంది.

మన వచనంలో ముడి ఏమిటో చూశాం. ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లోనూ, సమరయుల తోరాలోనూ (బైబిలు మొదటి ఐదు పుస్తకాలకు వాళ్ల ప్రతి) ఆ ఖాళీలో "పొలానికి వెళ్దాం" అనే అర్థమున్న మాట కనిపిస్తుంది. అది మూలంలో ఉండి జారిపోయిందా, తర్వాత ఎవరో చేర్చారా అనేది పాఠ పరిష్కర్తల ప్రశ్న. రబ్బీలది మరో ప్రశ్న. రెండింటినీ కలిపేయకండి.

2. అభిప్రాయాలను విడదీసి రాసుకోండి

బెరేషిత్ రబ్బా 22వ అధ్యాయం 7వ భాగం తెరవండి. "వాళ్లు దేని గురించి వాదించుకుంటున్నారు?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. మొదటి జవాబు ఇది: లోకాన్ని పంచుకుందాం అనుకున్నారు. ఒకడు స్థిరాస్తి తీసుకున్నాడు, ఇంకొకడు చరాస్తి. ఇక చూడండి. "నువ్వు నిలబడ్డ నేల నాది" అన్నాడు ఒకడు. "నువ్వు కట్టుకున్న బట్ట నాది" అన్నాడు ఇంకొకడు. ఒకడు "విప్పు" అంటే ఇంకొకడు "ఎగురు" అన్నాడు. అప్పుడు కయీను మీద పడ్డాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. స్థిరాస్తి, చరాస్తి అనేవి రబ్బీల ఆస్తి చట్టంలో రోజూ వాడే మాటలు. ప్రశ్న హీబ్రూలో ఉంది, తగాదా మాత్రం జనం మాట్లాడే అరామిక్‌లోకి మారిపోయింది. ఎవరు నేల తీసుకున్నారో, ఎవరు బట్ట తీసుకున్నారో పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే మనం ఒకరి పక్షాన చేరిపోయేవాళ్లం. నాలుగు పంక్తుల్లో ఇంత పొదుపుగా ఒక పంపకాల గొడవ రాయగలిగినవాళ్లు నాకు ఎక్కువమంది కనబడలేదు.

రెండో జవాబు సిఖ్నిన్ ఊరి యెహోషువ అనే గురువు, లేవీ అనే మరో గురువు పేరు మీద చెప్పింది: నేల ఇద్దరిదీ, వస్తువులూ ఇద్దరివీ, దేవాలయం ఎవరి హద్దులో కట్టాలన్నదే తగాదా. మూడోది ఒక స్త్రీ గురించి. మూడు జవాబులూ పక్కపక్కనే ఉంటాయి, ఏది సరైనదో సంకలనకర్త తేల్చడు. మీరూ తేల్చకండి.

3. రెండో వచనాన్ని పట్టుకోండి

పొలానికి దేవాలయం ఎక్కడి నుంచి వచ్చింది? "పొలం అంటే దేవాలయం తప్ప వేరు కాదు" అంటూ ఆ రబ్బీ, ప్రవక్త మీకా గ్రంథంలోని 3వ అధ్యాయం 12వ వచనం చూపిస్తాడు. సీయోను చేనులా దున్నబడుతుందని అక్కడుంది. తెలుగు బైబిలులో ఆదికాండములో "పొలము", మీకాలో "చేను". హీబ్రూలో రెండు చోట్లా ఒకే మాట, "సాదె". అనువాదంలో ఆ దారం తెగిపోయింది కాబట్టి మనకు రబ్బీ గాలిలో మేడ కట్టినట్టు కనిపిస్తాడు. ఒక వచనం ఇంకో వచనాన్ని పలకరించడమే మిద్రాష్ ప్రాణమని పండితుడు డానియెల్ బోయారిన్ 1990లో ఒక పుస్తకమే రాశారు.

ఎత్తుకొచ్చిన వచనాన్ని పూర్తిగా చదవండి, ఒక్క మాట చూసి మూసేయవద్దు. మీకా అక్కడ చెబుతున్నది ఆలయం కట్టడం గురించి కాదు, అది ఉన్న కొండ పాడుపడడం గురించి. అన్నదమ్ములు ఆలయం ఎక్కడ కట్టాలని కొట్టుకుంటున్నారు, సాక్ష్యానికి పిలిచిన వచనంలో అది అప్పటికే కూలిపోయి ఉంది.

4. కాలం చెప్పేటప్పుడు తొందరపడకండి

రోమన్లు యెరూషలేము ఆలయాన్ని సాధారణ శకం 70లో ధ్వంసం చేశారు. లేవీ 3వ శతాబ్దపు గురువు. సంకలనం గలిలయ ప్రాంతంలో సుమారు 5వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. అలాగని ఆ మాటలు లేవీ నోటి నుంచే వచ్చాయని రాసేయవద్దు. గురువుల పేర్లను టేపు రికార్డరులా నమ్మకూడదని అమెరికా పండితుడు జేకబ్ న్యూస్నర్ జీవితమంతా వాదించారు. ఆయన మరీ మొండికేశారనేవారున్నారు. కొత్తగా చదివేవారికి మాత్రం ఆ మొండితనమే మేలు: "5వ శతాబ్దపు సంకలనంలో లేవీ పేరు మీద ఉంది" అని రాసుకుంటే చాలు.

5. రాతప్రతుల దగ్గరికి వెళ్లండి

బెరేషిత్ రబ్బాకు పాఠాంతరాలతో (రాతప్రతుల మధ్య మాటల తేడాలతో) కూడిన పరిష్కృత ముద్రణ ఉంది. యూలియస్ తెయొడోర్ మొదలుపెట్టగా హనోఖ్ అల్బెక్ పూర్తి చేశారు. పాఠాంతరాలు చూడడం దేనికంటారా? అదే కథలో 10వ వచనం తీసుకోండి. తెలుగులో "నీ తమ్ముని రక్తము" అని ఏకవచనం. హీబ్రూలో "రక్తాలు". ఈసారి ముడి మీరే పట్టుకోగలరు.

దీనికి జవాబు రబ్బీల తొలి ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో, న్యాయస్థానాల గురించిన సన్హెద్రిన్ అనే గ్రంథభాగం 4వ అధ్యాయం 5వ భాగంలో ఉంది. మరణశిక్ష పడగల కేసులో సాక్షులను ముందుగా హెచ్చరించే సందర్భం అది: రక్తాలు అంటే అతని రక్తమూ, అతనికి పుట్టాల్సిన సంతానం రక్తమూ. అందుకే ఒక్క ప్రాణం తీసినవాడు లోకమంతటినీ నాశనం చేసినట్టే అంటుంది. వాడుకలో ఉన్న ముద్రిత ప్రతుల్లో అక్కడ "ఇశ్రాయేలీయుల్లో ఒక్క ప్రాణం" అని ఉంటుంది. బుడాపెస్టులో ఉన్న, కౌఫ్‌మాన్ ప్రతి అని పిలిచే మిష్నా రాతప్రతి ఆ ముద్రణలన్నిటికన్నా ఎంతో పాతది. అందులో మొదట రాసిన పాఠంలో "ఇశ్రాయేలీయుల్లో" అన్న మాట లేదు.