పిల్లల్ని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు: ఎవరి దగ్గరికి, ఎలా, వెళ్లాక ఇంట్లో ఏం చేయాలి

ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఏటా పబ్లిక్ పరీక్షలు దగ్గర పడేసరికి ఎవరో ఒక తల్లో తండ్రో వరండాలో పక్కకి పిలిచి, చుట్టూ చూసుకుని, "మేడమ్, మీకు తెలిసిన కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. నంబర్ ఇవ్వడం నిమిషం పని, అసలు తంటా ఆ తర్వాతే. ఎందుకంటే మన ఇళ్లలో చాలామంది లెక్క ప్రకారం కౌన్సెలర్ అంటే మన మాట వినని పిల్లాడికి మన తరఫున నాలుగు ముక్కలు గట్టిగా చెప్పి దారిలో పెట్టే మనిషి. ఆ లెక్కతో వెళ్తే మొదటిసారి బలవంతాన వస్తాడు, రెండోసారి రాడు. ఆ మనిషి పని చేయాల్సింది పిల్లాడి కోసం, మీ కోసం కాదు. ఇది ఒక్కటి జీర్ణమైతే మిగతాదంతా తేలికే.

ఎప్పుడు తీసుకెళ్లాలి

పెద్దవాళ్లలా పిల్లలు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. చిరాకు పడతారు, తలుపు ధడేల్మని వేస్తారు, అన్నం దగ్గర కసురుకుంటారు. టీనేజీలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపులా కాకుండా కోపంలా బయటికొస్తుంది, మనమేమో దాన్ని పొగరు అనుకుంటాం. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి, టెస్ట్ ఉన్న రోజు తలనొప్పి, స్కాన్ తీయిస్తే అన్నీ నార్మల్. రాత్రి రెండింటి దాకా మెలకువ, పొద్దున లేవలేకపోవడం. సాయంత్రమైతే బ్యాట్ పట్టుకుని పరిగెత్తేవాడు నెల రోజులుగా గ్రౌండ్ వైపే వెళ్లకపోవడం. వీటిలో రెండు మూడు కలిసి రెండు వారాలకి మించి సాగితే, చదువో తిండో నిద్రో దెబ్బతింటుంటే, "పరీక్షలయ్యాక చూద్దాం" అనకండి. ఎంట్రన్స్ అయ్యాక, రిజల్ట్ వచ్చాక, సీటు వచ్చాక అంటూ వాయిదా వేసుకుంటూ పోతే దానికి అంతుండదు.

చేతుల మీద కోసుకున్న గాట్లు కనిపించినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట వినిపించినా రెండు వారాల లెక్క వర్తించదు, ఆ రోజే కదలాలి. దాని గురించి కింద విడిగా రాశాను.

ఎవరి దగ్గరికి

బోర్డు మీద అందరూ డాక్టర్లలాగే కనిపిస్తారు కానీ తేడా ఉంది. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చేసి, ఆపైన సైకియాట్రీలో ఎండీయో డీఎన్‌బీయో డీపీఎమ్మో చేసినవాళ్లు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. మాట్లాడి చేసే చికిత్స, అంటే థెరపీ, మానసిక పరీక్షలు వాళ్ల పని. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. అడిగితే చెప్పాలి, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు కూడా. ఇక కౌన్సెలర్ దగ్గరే గందరగోళం. సైకాలజీలో పీజీ చేసి ఏళ్ల తరబడి సీనియర్ల దగ్గర నేర్చుకున్నవాళ్లూ ఆ పేరే పెట్టుకుంటారు, వారాంతం ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లూ ఆ పేరే పెట్టుకుంటారు. కాబట్టి ఫోన్‌లోనే అడిగేయండి: ఏం చదివారు, ఎక్కడ ట్రైనింగ్ తీసుకున్నారు, ఈ వయసు పిల్లలతో పని చేశారా, మందులు కావాలంటే ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. ఆఖరి ప్రశ్న ముఖ్యం. "మందులెందుకండీ, అంతా నేనే చూసుకుంటాను" అన్నారంటే ఫోన్ పెట్టేయొచ్చు.

"మూడు సెషన్లలో గ్యారంటీ" అనేవాళ్లు, వేలిముద్రలు తీసుకుని పిల్లాడి తెలివి, మనసు, కెరీర్ అన్నీ చెప్పేస్తామనేవాళ్లు (ఆ డీఎంఐటీ టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదు, డబ్బు మాత్రం బాగానే లాగుతారు), మీ కులం, జాతకం, సంబంధాల గురించి అక్కర్లేని ఆసక్తి చూపించేవాళ్లు, వీళ్లకి దూరంగా ఉండండి. పిల్లాడు తాను గే అనో పిల్ల లెస్బియన్ అనో చెబితే "మార్చేస్తాం" అనే డాక్టర్లూ తగులుతారు. అలా మార్చే చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

ఫీజు సంగతి. ప్రైవేటులో ఒక్కో సెషన్ ముప్పావు గంట నుంచి గంట ఉంటుంది, ఊరిని బట్టి, మనిషిని బట్టి రేటు మారుతుంది. మొదటిరోజే మొత్తం ప్యాకేజీ కట్టమంటే కట్టకండి. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ దారి ఉంది, అనుకున్నంత అధ్వాన్నంగా కూడా ఉండదు. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ గురించి అడగండి, మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు సరేసరి. ఎర్రగడ్డ అనగానే ముఖం మాడ్చుకుంటారు చాలామంది, తిట్టుగా వాడేసిన పేరు కదా. అక్కడ ఓపీలో కూర్చునేవాళ్లలో నిద్రపట్టని ఉద్యోగులు, పరీక్షల భయంతో వచ్చిన పిల్లలు కూడా ఉంటారు.

బయటికి వెళ్లడానికే ధైర్యం చాలకపోతే ముందు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు, దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. పిల్లాడి తరఫున తల్లిదండ్రులు కూడా చేయొచ్చు, నేనైతే ముందు అదే చేయమంటాను.

ఇంకొకటి, మానసిక జబ్బులకి కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ సెషన్లకి ఇవ్వవు. మీ పాలసీ తీసి చూసుకోండి.

పిల్లాడికి ఎలా చెప్పాలి

డాక్టర్ దగ్గరికని చెప్పకుండా, "పెద్దమ్మ వాళ్లింటికి" అని బండెక్కించి క్లినిక్ ముందు దింపేవాళ్లున్నారు. అలా చేస్తే కౌన్సెలర్ ఎంత మంచివాళ్లయినా పిల్లాడు నోరు విప్పడు, ఆ తర్వాత మీరు చెప్పేదీ నమ్మడు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే విచారణలా ఉంటుంది. బండి మీద వెళ్తున్నప్పుడో, వంటింట్లో పని చేసుకుంటూనో, కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు మొదలుపెట్టండి. మీరు చూసింది మాత్రం చెప్పండి: "నెలరోజులుగా నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదు, తినట్లేదు, నాకు బెంగగా ఉంది. దీని గురించి తెలిసిన మనిషితో ఒకసారి మాట్లాడదామా? నచ్చకపోతే వేరేవాళ్లని చూద్దాం." అంతే. "నీకేం తక్కువ చేశాం?" అనే ప్రశ్న మాత్రం నోట్లోంచి రాకూడదు. దానికి ఏ పిల్లాడి దగ్గరా జవాబు లేదు, జవాబు లేకపోవడమే వాణ్ని ఇంకా లోపలికి తోసేస్తుంది. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా", "పక్కింటి అబ్బాయిని చూడు" కూడా అంతే. నాన్నమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, గుడికి తీసుకెళ్తానంటే వెళ్లనివ్వండి, అది ఆవిడ ప్రేమ, అపాయింట్‌మెంట్ మాత్రం తప్పించకండి.

మగ కౌన్సెలరా ఆడ కౌన్సెలరా, తెలుగులోనా ఇంగ్లీషులోనా, నేరుగానా ఫోన్‌లోనా అన్నది పిల్లల్నే ఎంచుకోనివ్వండి.

మొదటిరోజు గదిలో

ఒక నాన్నగారు గుంటూరులో మొదటి సెషన్‌కి ప్లాస్టిక్ ఫోల్డర్‌తో వచ్చారు. అందులో ఎనిమిదో తరగతి నుంచి మార్కుల లిస్టులు, వరసగా, తగ్గిన చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి. కూర్చోగానే బల్ల మీద పరిచి "ఇక్కడి దాకా ఫస్టేనండీ, ఇదిగో ఇక్కణ్నుంచి" అని మొదలుపెట్టారు. పిల్ల గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. కౌన్సెలర్ ఆ కాగితాలు నెమ్మదిగా సర్ది ఆయన చేతికే ఇచ్చి, "ఇవి తర్వాత చూద్దాం సార్, మీరు పది నిమిషాలు బయట కూర్చుంటారా?" అన్నారట. ఆ పది నిమిషాలు ముప్పావు గంట అయింది. నాకు ఇది చెప్పింది ఆ పిల్లే, తర్వాత చాలా రోజులకి.

మామూలుగా మొదట అందరితో కలిపి కాసేపు మాట్లాడతారు, ఎప్పట్నుంచి, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని అడుగుతారు, తర్వాత పిల్లల్ని ఒంటరిగా చూస్తారు. లోపల మాట్లాడింది మీకు చెప్పరు. బాధపడకండి, ఆ భరోసా మీదే వాళ్ల పని నడుస్తుంది. దానికి హద్దులు కూడా ఉంటాయి: ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మీకు చెబుతారు, 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపడం తప్పనిసరి. ఈ హద్దుల గురించి మొదటిరోజే, పిల్లాడి ముందే చెప్పమని మీరే అడగండి. 18 దాటినవాళ్ల విషయంలో నిర్ణయం వాళ్లదే, ఫీజు మీరు కట్టినా సరే.

ఇంటికొచ్చే దారిలో "ఏం చెప్పావు? నా గురించి ఏమన్నావు?" అని అడగాలని నోరు లాగుతుంది. అడగకండి. ఆకలేస్తోందా అని అడగండి, ఇడ్లీ బండి కనిపిస్తే ఆపండి. వాడంతట వాడు చెబితే వినండి, వింటూ మధ్యలో సలహా ఇవ్వకండి. మర్నాడు పిన్నికి ఫోన్ చేసి "మా వాణ్ని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తున్నాం" అని చెప్పడం కూడా వద్దు. పెళ్లింట్లో ఎవరో "ఇప్పుడెలా ఉందిరా నీకు?" అని అడిగితే వాడి కష్టమంతా మళ్లీ మొదటికొస్తుంది.

మూడు నాలుగు సెషన్ల దాకా తేడా కనిపించకపోవచ్చు. అప్పటికీ పిల్లాడు "ఆవిడతో కుదరట్లేదు" అంటే మార్చండి, తప్పేం లేదు. ఏదో ఒక దశలో కౌన్సెలర్ మిమ్మల్నీ కూర్చోమంటారు. ఇంట్లో గొడవల గురించి, అరుపుల గురించి, తాగుడు గురించి, పిల్లల ముందు డబ్బు లెక్కల గురించి అడుగుతారు. "సమస్య వాడిది కదా, మమ్మల్నెందుకు" అని లేచొచ్చేవాళ్లని చూశాను. పిల్లాడు వారానికి గంట అక్కడ ఉంటాడు, మిగతా వారమంతా మీతో ఉంటాడు.

మందులు రాస్తే కంగారు వద్దు. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి వారానికే "లాభం లేదు" అని ఆపేయకండి, బాగుందనిపించాక కూడా మీ అంతట మీరు ఆపకండి. పాతికేళ్లలోపు వాళ్లని మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు కాస్త కనిపెట్టుకుని ఉండాలి. కొందరిలో ఆందోళన, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అలా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే

నేరుగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు, పెద్దవాళ్ల నిద్రమాత్రలు, బీపీ, షుగర్ మాత్రలు తాళం వేసిన చోటుకి మార్చండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తోడుగా 14416 ఎలాగూ ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఏదైనా చేసుకున్నారనుకోండి, ముందు 108. ఆసుపత్రిలో డాక్టర్‌కి నిజం చెప్పండి. పోలీసు కేసు భయంతో "పొరపాటున తాగాడు" అని చెప్పే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, దానివల్ల సరైన వైద్యం ఆలస్యమవుతుంది. ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

హాస్టల్లో ఉన్న పిల్లలు, దూరదేశాల్లో ఉన్న పిల్లలు

రెసిడెన్షియల్ కాలేజీలో వేసే ముందు మెస్సు, ఏసీ, ర్యాంకుల ఫ్లెక్సీ అన్నీ చూస్తాం. కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, పిల్లలు వార్డెన్ పర్మిషన్ లేకుండా వాళ్లని కలవొచ్చా అని కూడా అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని కోచింగ్ సంస్థలకి చెప్పింది. ప్రిన్సిపల్ ముందు ఈ తీర్పు పేరెత్తి చూడండి. "మా మ్యాథ్స్ సారే కౌన్సెలింగ్ చేస్తారండీ" అన్నారంటే అక్కడ కౌన్సెలర్ లేరన్నమాట.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్లకైతే చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, కొన్ని సెషన్ల వరకు డబ్బు తీసుకోరు. వీసాకి ఏమవుతుందోనన్న భయంతో అప్పులు, ఉద్యోగం దొరకని టెన్షన్ అన్నీ లోపలే పెట్టుకుంటారు, కౌన్సెలర్‌తో మాట్లాడినంత మాత్రాన వీసా పోదని చెప్పండి. అత్యవసరమైతే అక్కడ 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి లేదా మెసేజ్ పెట్టాలి. రెండ్రోజులుగా ఫోన్ ఎత్తకపోతే మీరు ఇక్కణ్నుంచే యూనివర్సిటీ స్టూడెంట్ అఫైర్స్ ఆఫీసుకో క్యాంపస్ పోలీసులకో చెప్పి వెళ్లి చూసి రమ్మని అడగొచ్చు. దానికి గది నంబర్‌తో సహా అడ్రస్ కావాలి, ఇద్దరు రూమ్‌మేట్‌ల ఫోన్ నంబర్లు కావాలి. అవి ఇవాళే అడిగి రాసి పెట్టుకోండి.