విమానంలో మీ సీటు మురికిగా, తడిగా ఉంటే ఏం చేయాలి?

అమ్మ మొదటిసారి ఒంటరిగా డాలస్ వచ్చినప్పుడు, ఎయిర్‌పోర్టులో దగ్గరికి తీసుకోగానే చీర నుంచి ఘాటు వాసన వచ్చింది. కారెక్కాక మెల్లగా చెప్పింది. "సీటు తడిగా ఉందే. ఎవరి పిల్లాడో పోసేసినట్టున్నాడు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీక శాలువా మడిచి వేసుకుని కూర్చున్నా." ఆ రెండో ఫ్లైటు ఒక్కటే దాదాపు 16 గంటలు. అరవై దాటిన మనిషి అన్ని గంటలు ఆ తడిలో కూర్చుంది. పక్కవాళ్ళకి ఇబ్బందని నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదట.

ఇది చదివే చాలామందికి అమెరికాకో ఆస్ట్రేలియాకో ఒంటరిగా వెళ్ళే అమ్మానాన్నలు ఉంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను. టికెట్ కొన్నవాళ్ళకి శుభ్రమైన సీటు ఇవ్వడం ఎయిర్‌లైన్స్ పని. అడిగితే గొడవ పెట్టుకున్నట్టు కాదు.

1. చేతి సంచిలో ఇవి పెట్టుకోండి

డిసిన్ఫెక్టెంట్ వైప్స్ చిన్న ప్యాకెట్, చెత్తకి వాడే పెద్ద ప్లాస్టిక్ సంచులు రెండు, పాత నూలు దుప్పటి లేదా తువ్వాలు, ఒక జత బట్టలు. శానిటైజర్ 100 మి.లీ. మించని సీసాలోనే ఉండాలి. బట్టలు చెకిన్ పెట్టెలో పడేస్తే లాభం లేదు, అవసరం పడేది పైన, గాల్లో ఉన్నప్పుడే.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకైతే ఒక చిట్టీ రాసివ్వండి. "నా సీటు తడిగా, మురికిగా ఉంది. దయచేసి సీటు గానీ కుషన్ గానీ మార్చండి" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోన్లో ఉంటే చాలనుకోవద్దు. కంగారులో ఫోన్ తెరిచి వెతుక్కోలేరు, కాగితమైతే తీసి చూపిస్తారు.

2. కూర్చునే ముందు చేత్తో నొక్కి చూడండి

పైకి చూస్తే తెలియదు. గుడ్డ ఆరిపోయినా లోపలి ఫోమ్ స్పాంజిలా తడిని పట్టుకునే ఉంటుంది. మనిషి బరువు పడగానే ఆ తడి పైకి ఊరుతుంది. అమ్మ విషయంలో జరిగిందీ అదే, కూర్చున్న పది నిమిషాలకి గానీ తెలియలేదు. కాబట్టి ఒక టిష్యూ మడిచి సీటు మధ్యలో పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి పది అంకెలు లెక్కపెట్టండి. టిష్యూ తడిసినా, రంగు మారినా, వాసన వచ్చినా ఆ సీటులో కూర్చోకండి.

తర్వాత కుట్ల వెంట, బెల్టు కింద, ముందు సీటు జేబులో ఒకసారి చూడండి. కుట్ల దగ్గర నల్లటి చిన్న చుక్కలు గుంపుగా ఉంటే నల్లులేమో అనుమానించాల్సిందే. ఇదంతా కలిపి ఒక నిమిషం పని. వెనక జనం తోసుకొస్తుంటే సామాను పైన పెట్టేసి, పక్కకి జరిగి వాళ్ళని పోనిచ్చి చూసుకోండి.

3. తలుపు మూసేలోపే చెప్పండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. విమానం గేటు దగ్గర ఉన్నంతసేపు క్రూ (విమానంలోని సిబ్బంది) చేతిలో చాలా దారులు ఉంటాయి. శుభ్రం చేసేవాళ్ళని కింద నుంచి పిలిపించొచ్చు, గేటు సిబ్బందితో మాట్లాడి ఖాళీ సీటు చూడొచ్చు. తలుపు మూశాక అవి తగ్గిపోతాయి. టేకాఫ్‌కి అందరూ కూర్చోవాల్సిందే కాబట్టి, అప్పుడు మిమ్మల్ని అదే సీటులో కూర్చోమంటారు.

ముందు సీటు ఫోటో తీసుకోండి, సీటు నంబరు కనబడేలా. సిబ్బంది ముఖాలు తీయకండి, మాట అక్కడే పెడదారి పడుతుంది. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి, నిలబడే ఉండి నెమ్మదిగా చెప్పండి. "మేడమ్, ఈ సీటు తడిగా ఉంది, మీరే ఒకసారి నొక్కి చూడండి" అంటే చాలు. ఆమె వల్ల కాకపోతే క్రూలో పెద్దవాళ్ళని పిలవమనండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ మొహమాటపడితే పదహారు గంటలు మనమే పడాలి.

గొంతు మాత్రం పెంచకండి. 2023 ఆగస్టులో లాస్ వెగాస్ నుంచి మాంట్రియల్ వెళ్ళే ఎయిర్ కెనడా విమానంలో, వాంతి ఆనవాళ్ళున్న సీట్లలో కూర్చోలేమన్న ఇద్దరు మహిళల్ని విమానం నుంచి దింపేశారు. తర్వాత ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. న్యాయం మన వైపే ఉన్నా ప్రయాణం పోయే పరిస్థితి రావచ్చు. అందుకే వినయంగా, కానీ వెనక్కి తగ్గకుండా మాట్లాడాలి.

4. ఫ్లైటు నిండిపోయింది అంటే

"కుషన్ మార్చగలరా?" అని అడగండి. చాలా విమానాల్లో కూర్చునే కుషన్ వెల్క్రోతో అతికించి ఉంటుంది, లేపితే ఊడి వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది అడగరు. వేరే సీటు దొరికితే మంచిదే, కానీ ఖాళీగా కనబడిందని మీ అంతట మీరు వెళ్ళి కూర్చోకండి, చెప్పి వెళ్ళండి. తక్కువ తరగతి సీటులోకి మారితే తేడా డబ్బు వెనక్కి అడగొచ్చు. కాళ్ళ చోటు కోసం ఎక్కువ కట్టిన సీటు పోతే ఆ డబ్బూ అడగండి.

ఏదీ కుదరకపోతే ప్లాస్టిక్ సంచిని చీల్చి సీటు మీద, వీపు ఆనే చోట కూడా పరిచి, దాని మీద దుప్పటి మడిచి వేసుకోండి. ఒట్టి ప్లాస్టిక్ జారుతుంది, చెమట పట్టిస్తుంది. ఒట్టి దుప్పటైతే తడిని పీల్చేసుకుంటుంది, మా అమ్మ శాలువాలా.

5. తడి లేకుండా ఉత్త మురికే అయితే

వైప్స్ గట్టి వాటికే వాడండి. ట్రే, చేతులాన్చే చోటు, బెల్టు బకిల్, స్క్రీన్ తుడిస్తే సరిపోతుంది. గుడ్డ సీటుని తుడిస్తే మురికి లోపలికి దిగి, సీటు తడుస్తుంది కూడా. తుడిచిన వెంటనే పొడి టిష్యూతో అద్దేయకండి. ప్యాకెట్ మీద రాసినంత సేపు తడిగా ఉంటేనే ఆ మందు పనిచేస్తుంది. సీటు జేబులో తినేవి, నీళ్ళ సీసా పెట్టకండి. అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీ 2014లో చెప్పిన పరిశోధనలో, మందులకి సులువుగా లొంగని ఒక రకం బ్యాక్టీరియా సీటు జేబు గుడ్డ మీద ఏడు రోజుల దాకా బతికింది.

బాత్రూముకి వట్టి కాళ్ళతో, సాక్సుతో వెళ్ళకండి. మన పెద్దవాళ్ళు చెప్పులు విప్పేసి హాయిగా తిరిగేస్తారు, కానీ అక్కడ నేల మీది తడి నీళ్ళే అనుకోవడానికి లేదు.

6. వాంతి, రక్తం అయితే ముట్టుకోకండి

అది క్రూ చేయాల్సిన పని. తడిని గడ్డకట్టించే పొడి, గ్లోవ్స్, మాస్కు, సంచి ఉండే కిట్లు ఇలాంటి వాటికోసమే ఉంటాయి. పొరపాటున చేతికి తగిలితే శానిటైజర్ చాలదు. వాంతుల జబ్బు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు. సబ్బుతో కడుక్కోవాల్సిందే.

7. దిగేముందు, దిగాక

జరిగింది రిపోర్టులో రాయమని క్రూని అడగండి. ఎన్ని గంటలకి చెప్పారు, వాళ్ళేమన్నారు అన్నది మీరూ ఫోన్లో రాసి పెట్టుకోండి. బట్టలు ప్లాస్టిక్ సంచిలో ముడేసి విడిగా పెట్టండి. నల్లుల అనుమానం ఉంటే ఇంటికెళ్ళగానే వేడి నీళ్ళలో ఉతికి, డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి.

ఒకట్రెండు రోజుల్లో ఎయిర్‌లైన్స్‌కి మెయిల్ రాయండి. ఫ్లైటు నంబరు, తేదీ, పీఎన్నార్, సీటు నంబరు, ఫోటోలు ఉండాలి. మీకేం కావాలో సూటిగా అడగండి, సీటు డబ్బా, బట్టల ఖర్చా, టికెట్‌లో కొంత భాగమా అని. "చాలా బాధపడ్డాం" అని మాత్రమే రాస్తే ఒక సారీతో సరిపెడతారు. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి పోయే ఫ్లైట్లయితే, రాతలో పెట్టిన ఫిర్యాదు అందినట్టు 30 రోజుల్లో చెప్పాలి, 60 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడి రవాణా శాఖ నిబంధన అది. ఇండియాలో అయితే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అదీ కాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, టికెట్ ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

అమ్మ ఈ ఏడాది మళ్ళీ వచ్చింది, చిట్టీ హ్యాండ్‌బ్యాగు ముందు జేబులో పెట్టుకుని. ఈసారి తన సీటు బాగానే ఉందట. పక్క సీటు మీద మాత్రం ఏదో ఒలికి జిగటగా ఉందట. గుంటూరు దగ్గర పల్లె నుంచి కొడుకు దగ్గరికి వెళ్తున్న ఆవిడ, ఏం చేయాలో తెలీక చీర కొంగు పరచబోయిందట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, చిట్టీ తీసి ఎయిర్‌హోస్టెస్‌కి చూపించింది. తలుపు ఇంకా తెరిచే ఉంది. కాసేపటికి వేరే కుషన్ తెచ్చి వేశారు.