డ్రైడల్ ఆడదాం – 2వ పాఠం: తిప్పడం, కుప్ప లెక్క

డ్రైడల్ అంటే యూదులు హనుక్కా పండుగకు ఆడే నాలుగు ముఖాల బొంగరం. పోయిన పాఠంలో దాని ముఖాల మీది హీబ్రూ అక్షరాలు చూశాం: నూన్, గిమెల్, హే, షిన్. మూడు పిలకలతో ఉండే షిన్‌ని ఎవరైనా పట్టేస్తారు. తికమకంతా నూన్, గిమెల్ దగ్గరే. అక్షరం అడుగు చూడండి. నూన్ కింద చదునైన గీత ఉంటుంది, గిమెల్ కాలు రెండుగా చీలి ఉంటుంది. ఒకటి ఏమీ ఇవ్వదు, ఇంకొకటి మధ్యలో పెట్టిన పందెం కుప్పంతా ఇచ్చేస్తుంది. ఇంట్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే.

ముందు తిప్పడం. తాడు చుట్టి బొంగరం విసిరిన చేతులకు ఇది మొదట చప్పగా ఉంటుంది. తాడూ లేదు, మేకూ లేదు, పైన చిన్న కాడ ఒకటి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిటారుగా పట్టుకుని, మొన బల్లకు ఆనీ ఆనకుండా ఉంచి, చిటికె వేసినట్టు మెలిపెట్టి వదిలేయండి. పైనుంచి వదిలితే దొర్లిపోతుంది. టేబుల్ మీద గుడ్డ ఉంటే తీసేయండి. అంచున్న స్టీలు పళ్లెంలో తిప్పితే మంచం కిందికి పోదు, కాకపోతే ఆ మోత భరించాలి.

ఇక లెక్క. హనుక్కా ఎనిమిది రాత్రులూ కొవ్వొత్తులు వెలుగుతుండగా ఆడే ఆట ఇది. పందేనికి బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు వాడతారు, వాటిని గెల్ట్ అంటారు. బాదం, వాల్‌నట్లు పెట్టుకుని ఆడేవాళ్లూ ఉన్నారు. నియమాలు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాటల్లోనే దాగున్నాయి: నూన్‌కి ‘నిష్ట్’, ఏమీ లేదు, గిమెల్‌కి ‘గాంత్స్’, మొత్తం, హేకి ‘హాల్బ్’, సగం, షిన్‌కి ‘ష్టెల్’, పెట్టు. హనుక్కా కథను గుర్తుచేసే ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అనే హీబ్రూ వాక్యంలోని తొలి అక్షరాలుగా కూడా వీటిని చదువుతారు. ఇజ్రాయెల్‌లో అయితే ‘ఇక్కడ’ అనాలి కాబట్టి షిన్ బదులు పే అనే అక్షరం ఉంటుంది. అది పడ్డా పెట్టాల్సిందే!

అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు తలా పది నాణేలతో కూర్చున్నారనుకుందాం. తలా ఒకటి పెడితే కుప్పలో నాలుగు. అమ్మకు హే పడింది, రెండు తీసుకుంది. నాన్నకు షిన్, ఒకటి పెట్టాడు, కుప్ప మూడైంది. అక్కకు హే. మూడులో సగమెంత? పైకి లెక్కేసి రెండు ఇస్తారు. మిగిలింది ఒక్కటే. కుప్పలో ఒకటి మిగిలినా, ఏమీ లేకపోయినా అందరూ మళ్లీ ఒక్కోటి పెట్టాలి. ఇప్పుడు ఐదు. తమ్ముడికి గిమెల్ పడింది, ఐదూ ఊడ్చేశాడు. కొన్ని ఇళ్లలో సగాన్ని కిందికి లెక్కేస్తారు, కాబట్టి ఆట మొదలవకముందే మాట్లాడుకోండి. మధ్యలో మాట్లాడితే అది చర్చ కాదు, తగాదా.

ఒక చిన్న కిటుకు. 1976లో రాబర్ట్ ఫైనర్‌మన్ అనే గణితవేత్త, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఆడితే ముందు తిప్పేవాళ్లకే లాభమని లెక్కగట్టి చూపించాడు. పై ఆటలో మొదటి వంతుకి సగటున 1.25 నాణేలు వస్తాయి, రెండో వంతుకి సుమారు 1.16. ఇద్దరే ఆడితే తేడా లేదు. అందుకే ఆట ఆటకీ మొదలుపెట్టే మనిషిని మార్చండి. నన్నడిగితే మొదటి ఆట ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లతో మొదలెట్టించాలి. వాళ్లకు లెక్కతో పని లేదు, వంతు ఎప్పుడొస్తుందా అన్నదే టెన్షన్.

వచ్చే పాఠానికి హోంవర్క్: కాడ పైకి ఉంచి వరసగా పదిసార్లు తిప్పండి. ప్రతిసారీ ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా పడకుండా ఉంటే మీ చేయి సిద్ధమైనట్టే. తర్వాత డ్రైడల్‌ని తలకిందులు చేసి కాడ మీద తిప్పుదాం.